మౌసు మీద బోర్లించిన గిన్నె

మే ఆరో తేదీ, మంగళవారం, ఉదయం పది గంటల నలభై నిమిషాలు. ఎర్ర ఉన్ని మేజోడులోంచి హార్డ్ డిస్కు బయటికి తీసి కంప్యూటర్‌కు తగిలించాను. డిస్కు మీద నీలం దీపం వెలిగింది. తెర మీద మాత్రం దాని గుర్తు రాలేదు. మామూలుగా ఆరు సెకన్లు పడుతుంది. ముప్పై దాకా లెక్కపెట్టాను. తీసి, మళ్లీ పెట్టి, మళ్లీ ముప్పై లెక్కపెట్టాను. దీపం వెలుగుతూనే ఉంది. అక్కడ ఏదో ఉన్నట్టు కంప్యూటర్‌కు తెలియనే లేదు.

అప్పటికి సుబేదారు గారు పోయి ఇరవై ఏడు రోజులు.

అంతకుముందు ఇలాంటప్పుడు నేను చేసే పని ఒకటే. ఆయనకు ఫోన్ చేసేదాన్ని. ఆయన ఢిల్లీ పక్కన ఈ ఇందిరాపురంలోనే, మా అపార్ట్‌మెంట్ల సొసైటీకి మూడు సొసైటీల అవతల, కొడుకు ఫ్లాట్‌లో ఉండేవారు. సైన్యంలో సిగ్నల్స్ విభాగంలో ఇరవై ఎనిమిదేళ్లు పనిచేసి సుబేదారుగా రిటైరైన మనిషి. విజయనగరం వైపు వారు. నేను సంగతి చెప్పడం మొదలుపెట్టేలోగా "సెయ్యి తీసెయ్యండమ్మా, వస్తన్నాను" అని ఫోన్ పెట్టేసేవారు. పదమూడు నిమిషాల్లో మా గుమ్మంలో ఉండేవారు. గడియారం చూసే చెబుతున్నాను.

ఆ రోజు నేను డిస్కు తీసింది కూడా ఆయన కోసమే. ఆయన పన్నెండో రోజు భోజనాలప్పుడు వాళ్లింట్లో ఒక మాట తేలింది. ఫోటోలు చాలా ఉన్నాయి గాని, ఎవరి దగ్గరా ఆయన గొంతు లేదు. ఫోన్‌లో పది సెకన్లు దాటి మాట్లాడరు. ఎవరైనా వీడియో తీయబోతే లేచి వంటింట్లోకి వెళ్లిపోయేవారు. ఆయన మనవరాలు ఆ మాట అంటూ ఏడ్చింది. ధౌలా కువాన్ దగ్గర కాలేజీలో మొదటి సంవత్సరం చదువుతున్న పిల్ల. నా దగ్గర పదకొండు నిమిషాల నలభై సెకన్లు ఉందని, నీ పుట్టినరోజుకి ఇస్తానని నేనే చెప్పాను. పుట్టినరోజు బుధవారం, అంటే మర్నాడు.

ఆ గొంతు ఉన్నది ఈ డిస్కులోనే. నంబరు మూడువందల తొంభై ఆరు.

నేను పదహారేళ్లుగా ఆదివారాలు తెలుగు పిల్లలకు తెలుగు నేర్పుతున్నాను. మొదట సరోజినీ నగర్ క్వార్టర్స్‌లో మా వరండాలో, రిటైరయ్యాక ఇక్కడ సొసైటీ హాల్లో. చేరిన రోజు ఒకసారి, మానేసే రోజు ఒకసారి ప్రతి పిల్ల గొంతూ రికార్డు చేస్తాను. పేరు, అమ్మ పుట్టిన ఊరు, ఒకటి నుంచి ఇరవై వరకు అంకెలు. పద్ధతి మారదు. డిస్కులోకి ఎక్కించాక రికార్డరు ఖాళీ చేస్తాను. ఒక ప్రభుత్వ కార్యాలయంలో రికార్డు గదిలో ముప్పై ఒక్క ఏళ్లు చేశాను. ఒకే కాగితం రెండు చోట్ల ఉంటే నాకు నచ్చదు. మే ఆరు నాటికి డిస్కులో మొత్తం నాలుగువందల పన్నెండు.

వాటిలో ఆయనది ఒక్కటే పిల్లల గొంతు కానిది. అందులో ఆయన చెప్పినదేమిటంటే, ఈ డిస్కు కంప్యూటర్‌కు కనపడకపోతే ఏం చెయ్యాలో పదకొండు మాటలు, వరుసగా.

ఆ పదకొండు మాటలూ ఆ డిస్కులోనే దాచాను. పది గంటల యాభై నిమిషాలకు ఆ సంగతి నాకు తట్టింది. వేరే ఎవరైనా చేస్తే నవ్వేదాన్ని.

*

ఆయన్ని మొదట చూసింది పదకొండేళ్ల కిందట ఆగస్టులో, ఒక శనివారం సాయంత్రం నాలుగింటికి. అప్పుడూ ఇదే గొడవ. వేరే డిస్కు, ఇదే నీలం దీపం. మనవరాలిని మర్నాటి నుంచి క్లాసుకి పంపుతామని చెప్పడానికి వచ్చారు. నేను చెమటలు కక్కుతూ కంప్యూటర్ ముందు ఉన్నాను. తెర మీద ఒక ప్రశ్న నిలబడి ఉంది. ఈ డిస్కు వాడాలంటే ఫార్మాట్ చెయ్యాలి, చెయ్యమంటారా అని. నేను అవుననబోతున్నాను.

ఆయన చెప్పులు విప్పలేదు. నేరుగా వంటింట్లోకి వెళ్లి, గట్టు మీదున్న స్టీలు గిన్నె తెచ్చి, నా చేతి కింది మౌసు లాగి దాని మీద బోర్లించారు. ఆ తర్వాత గుమ్మంలోకి వెళ్లి చెప్పులు విప్పుకుని, నమస్కారం పెట్టి, తన పేరు చెప్పుకున్నారు.

"ఆ మిషను ఏటడిగినా ఔనని సెప్పకండమ్మా. దానికేటి తెలుసు."

నేను అంతా పోయిందండీ అన్నాను. ఆయన ముఖం చిట్లించుకున్నారు. ఆ పదకొండేళ్లలో ఆయనకు కోపం వచ్చినట్టు నేను చూసింది ఆ ఒక్క మాట మీదే, అదీ ఎన్నోసార్లు.

"పోనేదు. కనపడ్డం నేదు. రెండూ ఒకటి కాదు."

నా రిజిస్టరు తీసుకుని ఒక కొత్త పేజీ మీద తనే శీర్షిక రాశారు: కనపడనివి. దాని కింద నన్ను ప్రశ్నలడిగి జవాబులు రాసుకున్నారు. చివరిసారి ఎప్పుడు పనిచేసింది, ఎవరు ముట్టుకున్నారు, అప్పుడు కరెంటు పోయిందా. డాక్టరు దగ్గర కూడా నన్ను ఎవరూ అంత వివరంగా అడగలేదు. తర్వాత ఫ్యాను ఆపమన్నారు. డిస్కును చెవి దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని, చాలాసేపు విన్నారు. మా ఇంట్లో ఎవరం చప్పుడు చెయ్యలేదు.

"తిరుగుతోంది. బతికే ఉంది" అన్నారు.

కంప్యూటర్ ముందు వైపు పోర్టుకి కరెంటు చాలడం లేదు, అంతే. వెనక వైపు పోర్టుకి పొట్టి వైరుతో తగిలించగానే డిస్కు కనిపించింది. నేను దణ్ణం పెట్టబోతే ఆయన గిన్నె తీసుకెళ్లి కడిగి గట్టు మీద బోర్లించి వచ్చారు.

ఆ గిన్నె ఇప్పటికీ ఉంది. పప్పుకి వాడను.

*

ఆయన చేతులు పెద్దవి, చాలా మెల్లగా కదిలేవి. ఏదైనా విప్పితే, పాత న్యూస్‌పేపరు మీద పెన్సిల్‌తో సున్నాలు గీసి, ప్రతి స్క్రూనీ దాని సున్నాలో పెట్టేవారు. సున్నాకి నంబరు వేసేవారు. నేను పక్కన కూర్చుని నంబర్లు సరిచూసేదాన్ని. ఒకసారి ఐదు రెండుసార్లు వేశారని చెప్పాను. "లెక్క మీది, బయం నాది. ఇద్దరం కలిస్తే ఒక మనిషి" అన్నారు. కంప్యూటర్ ఉన్న గదిలోకి మంచినీళ్లు రానిచ్చేవారు కాదు. టీ అయితే గుమ్మం అవతల నిలబడి తాగేవారు. మా అల్లుడు ఒకసారి, అంకుల్, ఇది బాంబు కాదు అని వేళాకోళం ఆడాడు. బాంబైతే వైరు కోస్తే సరిపోద్ది బాబూ అన్నారు.

రెండు కాపీల ఏర్పాటు ఆయనదే. ఒకే ఇంట్లో రెండు డిస్కులుంటే ఒకటే లెక్క అని ఆయన వాదన. అగ్గి వస్తే, పైఇంటి ట్యాంకు పొంగితే రెండూ ఒకేసారి పోతాయి. కాబట్టి నా రెండో డిస్కు ఆయన దగ్గర, ఆయన రెండో డిస్కు నా దగ్గర. ఆయన డిస్కులో పెన్షన్ కాగితాలు, కొడుకు పెళ్లి ఫోటోలు. నాది ఆయన తెరవరు, ఆయనది నేను తెరవను. సరోజినీ నగర్ మార్కెట్‌లో పిల్లల ఎర్ర ఉన్ని మేజోళ్లు రెండు జతలు కొనుక్కొచ్చి, ఒక్కో డిస్కుకి ఒక్కో మేజోడు తొడిగారు. నాలుగు డిస్కులు, నాలుగు మేజోళ్లు. ఇది సైన్యంలో పద్ధతా అని అడిగితే, కాదమ్మా, మా ఆవిడ పద్ధతి, కళ్లజోళ్లకి ఇలగే తొడిగేది అన్నారు.

ప్రతి ఏప్రిల్ మొదటి ఆదివారం, ఉదయం పదింటికి, ఆయన నా కాపీ తెచ్చేవారు. ఏడాదిలో కొత్తగా చేరినవి దాంట్లోకి ఎక్కించి, నేను గట్టిగా లెక్కపెట్టి, ఆయన నంబరు రాసుకుని, ఇద్దరం సంతకం పెట్టేవాళ్లం. తర్వాత ఆయనదీ అలాగే. కిందటి ఏడాది లెక్క మూడువందల ఎనభై ఎనిమిది.

ఈ ఏడాది ఏప్రిల్ మూడు, గురువారం, మధ్యాహ్నం రెండుంబావుకి ఆయన ఫోన్ చేశారు. తనంతట తను చేయడం అరుదు. ఒంట్లో బాగాలేదని చెప్పలేదు.

"అమ్మా, ఈసారి రేపటికి మార్సేద్దామా?"

"ఆదివారం కదండీ మన రోజు," అన్నాను. "ఇంకా రెండు పేర్లు రాయాలి. రేపైతే లెక్క పూర్తవదు."

"ఠీక్ హై. ఆదివారమే," అన్నారు.

శనివారం ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఆదివారం పదింటికి నేను రిజిస్టరు తెరిచి కూర్చున్నాను. బుధవారం, ఏప్రిల్ తొమ్మిది, ఆయన పోయారు. ఆ రెండు పేర్లు ఆ గురువారం సాయంత్రం పావుగంటలో రాసేశాను.

*

మళ్లీ మే ఆరుకు వస్తాను. పదకొండు మాటలు గుర్తు చేసుకుని కాగితం మీద రాయడానికి కూర్చున్నాను.

ఒకటి, మౌసు మీద గిన్నె. రెండు, ఏం జరిగిందో టైముతో రాయడం. మూడు, దీపం ఉందా చూడడం. నాలుగు, వైరు మార్చడం. ఐదు, వెనక పోర్టు. ఆరు, కంప్యూటర్ పూర్తిగా ఆపి, ఇరవై లెక్కపెట్టి, మళ్లీ పెట్టడం. ఇక్కడ ఆగిపోయాను. ఎనిమిది నుంచి మళ్లీ గుర్తుంది. ఎనిమిది, వేరే కంప్యూటర్‌కు తగిలించడం. తొమ్మిది, డిస్కులన్నీ చూపించే పేజీ తెరిచి, పేరు లేకుండా ఏదైనా ఉందేమో చూడడం. పది, ఫార్మాట్ చెయ్యమంటే వద్దనడం. పదకొండు, "నాకు ఫోన్ సెయ్యండి."

ఏడోది రాలేదు.

రికార్డు చేసిన రోజు గుర్తుంది. నవంబరు పదిహేడు, ఆదివారం, క్లాసు అయ్యాక. బయట పొగ. పిల్లలు సగంమందే వచ్చారు. నాకేమైనా అయితే మీరు ఎవర్ని పిలుస్తారమ్మా అని ఆయనే అన్నారు. అయితే చెప్పండి, రికార్డు చేస్తాను అన్నాను. కాగితం మీద రాసుకోమన్నారు. నేను వినలేదు. రికార్డరు ముందు పెట్టాను. ఆయన వేళ్లు మడుస్తూ చెబుతున్నారు. ఏడో వేలు మడిచేసరికి వంటింట్లో కుక్కరు కూత పెట్టింది. ఆయన మాట ఆపకుండానే అరచెయ్యి ఎత్తి నిలబెట్టారు. నేను రికార్డరు మీద సెకన్లు చూస్తున్నాను. ఆయన మాట వినడం లేదు. రికార్డవుతోంది కదా, మళ్లీ వినొచ్చు అనుకున్నాను.

ఆ చెయ్యి కుక్కరు కోసం ఎత్తారా, ఏడో మాట కోసం ఎత్తారా? ఆ రోజంతా ఇదే ఆలోచించాను.

ఏడు వదిలేసి మిగతావన్నీ చేశాను. వైరు మార్చాను. వెనక పోర్టు. కంప్యూటర్ ఆపి ఇరవై. మూడోసారి పెట్టినప్పటి నుంచి డిస్కులోంచి చిన్న చప్పుడు రావడం మొదలైంది. టిక్, టిక్, ఆగి మళ్లీ టిక్. ఫ్యాను ఆపి చెవి దగ్గర పెట్టుకున్నాను, ఆయన పెట్టుకున్నట్టే. చప్పుడు ఉంది కాబట్టి బతికే ఉందనుకున్నాను. ఆ నమ్మకంతోనే ఎదురు ఫ్లాట్ అమ్మాయి లాప్‌టాప్‌కు తగిలించాను. తొమ్మిదో మాట ప్రకారం పేజీ తెరిస్తే, పేరు లేకుండా, సైజు కూడా లేకుండా ఏదో ఒకటి ఉంది. ఫార్మాట్ చెయ్యమంది. వద్దన్నాను. మొత్తం తొమ్మిదిసార్లు పెట్టాను. తొమ్మిదింటికీ టైము రాశాను. చివరిది ఒంటిగంటా ఐదు నిమిషాలు. అప్పటికి దీపం కూడా వెలగడం మానేసింది.

గిన్నె మౌసు మీదే ఉంది. దాన్ని చూస్తూ అన్నం తినకుండా కూర్చున్నాను.

*

సాయంత్రం ఐదింటికి ఆయన రెండో డిస్కు మేజోడుతో సహా సంచిలో వేసుకుని, ఈ-రిక్షాలో వాళ్లింటికి వెళ్లాను. ఆయన కోడలు ఇంట్లోంచే ఆఫీసు పని చేస్తుంది. హైదరాబాదు పిల్ల. ఆయన నల్ల రేకుపెట్టె బాల్కనీలో ఉందని చెప్పింది.

"మొన్ననే అన్నీ సర్దినం ఆంటీ. మీ పేరు రాసి ఉన్న ఎర్ర సాక్స్ ఒక్కటి మాత్రం నేను ముట్టలే. మామయ్య ఎవర్నీ ముట్టనిచ్చేటోడు కాదు."

పెట్టెలో వైర్లు ఒక్కొక్కటి చుట్టి, దారం కట్టి, దేనికి ఏదో చీటీ వేసి ఉన్నాయి. అడుగున నా మేజోడు. ఆమె లాప్‌టాప్‌కు తగిలించాను. నాలుగు సెకన్లలో తెరుచుకుంది. లెక్కపెట్టాను. మూడువందల ఎనభై ఎనిమిది. ఒక్కటీ తక్కువ లేదు.

ఒక్కటీ ఎక్కువా లేదు. నవంబరు అందులో లేదు. ఏప్రిల్ ఆరున, ఆ ఆదివారం, చేరాల్సి ఉంది. మూడున ఆయన అడిగారు.

"మామయ్య వాయిస్ ఉందా ఆంటీ?" అంది కోడలు, నా భుజం మీంచి చూస్తూ.

ఇందులో లేదు, ఇంకోదానిలో ఉంది, అది కనపడడం లేదు అన్నాను. ఆయన మాట నా నోట వచ్చింది. ఆమెకు ధైర్యం వచ్చినట్టుంది, పకోడీలు తెచ్చి పెట్టింది. ఆయన డిస్కు ఆమె చేతిలో పెట్టి వచ్చేశాను.

మర్నాడు పొద్దున్నే మెట్రోలో నెహ్రూ ప్లేస్ వెళ్లాను. ఇలాంటివి బాగుచేసే దుకాణంలో ఒక పెద్దమనిషి డిస్కు చెవి దగ్గర పెట్టుకుని చూశాడు. చప్పుడు వచ్చిందా మాతాజీ, వచ్చాక ఎన్నిసార్లు పెట్టారు అని హిందీలో అడిగాడు. నా కాగితం ఇచ్చాను. ఇంత సరిగా రాసుకొచ్చినవాళ్లు ఎవరూ లేరని మెచ్చుకున్నాడు. తర్వాత, చప్పుడు వస్తే మళ్లీ పెట్టకూడదన్నాడు. లోపల సూది వంగి పళ్లాన్ని గీరుతున్న చప్పుడట అది. పెట్టినప్పుడల్లా ఇంకొంచెం గీరుతుంది. చప్పుడు వచ్చాక నేను పెట్టింది ఆరుసార్లు. రెండు గంటలు కూర్చోబెట్టి, విప్పి చూపించాడు. అద్దంలాంటి పళ్లెం మీద గుండ్రంగా గీతలు. ఇది రాదు మాతాజీ అన్నాడు.

ఏడో మాట అదే అయివుంటుందని మీకు అనిపిస్తుంది. నాకూ అనిపించింది. కానీ నేను రాయను. నేను వినలేదు కాబట్టి నాకు తెలియదు.

*

ఆ సాయంత్రం మనవరాలే మా ఇంటికి వచ్చింది, కొత్త కుర్తా వేసుకుని. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆదివారం అన్నది నేనేనని, తొమ్మిదిసార్లు పెట్టింది నేనేనని. కాగితం చూపించాను. ఆ పిల్ల కాగితం మీది టైములన్నీ ఒక్కొక్కటే చదివింది. తెలుగు అర్థమవుతుంది గాని జవాబు హిందీలో చెప్పే పిల్ల.

చివరికి తెలుగులోనే అంది, "తాతయ్య చెప్పినట్టు మీరు చెప్పండి టీచర్."

నేను చెప్పాను. వేళ్లు మడిచాను. మౌసు మీద గిన్నె బోర్లించాను. "ఆ మిషను ఏటడిగినా ఔనని సెప్పకండమ్మా" అన్నాను. "పోనేదు, కనపడ్డం నేదు" అన్నాను. ఆ పిల్ల నవ్వింది. నవ్వుతూనే ముక్కు తుడుచుకుంది. ఆరు దాకా వచ్చి ఎనిమిదికి వెళ్లాను.

"ఔర్ సాత్వాఁ?"

ఏడోది తెలియదని చెప్పాను. ఆ పిల్ల తన అరచెయ్యి ఎత్తి, నిలబెట్టి, దాన్ని కాసేపు చూసుకుంది. నేను ఏడో మాట తెలియదని మాత్రమే చెప్పాను, ఆయన చెయ్యి ఎత్తిన సంగతి చెప్పలేదు. ఆయన అలా చెయ్యి ఎత్తడం ఇంట్లో మామూలేమో. అడగడానికి నాకు నోరు రాలేదు.

ఆ పిల్ల వెళ్లాక రిజిస్టరు తెరిచాను. పేజీ పైన ఆయన రాసిన శీర్షిక ఉంది, కనపడనివి అని. దాన్ని కొట్టెయ్యలేదు. పేజీ తిప్పి, కొత్త పేజీలో నేను రాశాను.

పోయినవి.

మొదటి రోజు గొంతులు పద్నాలుగు. ఆ పిల్లలు ఇంకా క్లాసుకి వస్తున్నారు, మళ్లీ రికార్డు చెయ్యవచ్చు. కానీ ఇప్పుడు ఇరవై దాకా తప్పు లేకుండా చెబుతున్నారు.

చివరి రోజు గొంతులు తొమ్మిది. వాళ్లలో నలుగురు తండ్రుల పోస్టింగులతో వెళ్లిపోయారు, అడ్రసులు లేవు.

నంబరు మూడువందల తొంభై ఆరు, ఒకటి. పదకొండు నిమిషాల నలభై సెకన్లు.

మొత్తం ఇరవై నాలుగు.

పదకొండు మాటల్లో ఏడోది.